బోర్డు మీద లెవెల్ ఐదు, బిల్డులో లెవెల్ ఒకటి

(సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ మెచ్యూరిటీ లెవెళ్ల మీద ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేసి, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. ఏ మీటింగులోనైనా ముందు వరుస ఖాళీ, అదొక్కటి మాత్రం అన్ని కంపెనీల్లోనూ స్టాండర్డ్ ప్రాసెస్.

ముందు చిన్న పరీక్ష పెడతాను. ఆరు నెలల కింద మీరు క్లయింటుకి ఇచ్చిన రిలీజు ఒకటి ఉంటుంది కదా. రేపు పొద్దున ఒక కొత్త లాప్‌టాప్ మీద, ఆ రిలీజుకి పనిచేసినవాళ్లెవరికీ ఫోన్ చేయకుండా, అదే బిల్డు, అంటే కోడు నుంచి తయారై నడిచే ప్రోగ్రామ్, మళ్లీ తయారు చేయగలరా? అలాంటిది కాదు, అచ్చం అదే. చేయగలమన్నవాళ్లు చెయ్యెత్తండి. నలుగురు. "ఫోన్ చేయకుండా" అన్నాను, విన్నారా? ఆ, ఇద్దరు దించేశారు.

ఇక్కడున్న కంపెనీల్లో కొన్నిటి రిసెప్షన్‌లో లెవెల్ త్రీ అనో లెవెల్ ఫైవ్ అనో ఇత్తడి బోర్డు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి ఎంత పక్వానికి వచ్చిందో ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే అంకె అది. పాత బిల్డు మళ్లీ తీయగలగడం లెవెల్ టూ పని. టూ. మరి పైన బోర్డు, లోపల ఈ బిల్డు, రెండూ ఒకే ఆఫీసులో ఎలా కాపురం చేస్తున్నాయి? ఇవాళ మాట్లాడేది దాని గురించే.

ఈ లెవెళ్లు ఎక్కడివో త్వరగా చెప్పేస్తాను. 1979లో ఫిలిప్ క్రాస్‌బీ అనే నాణ్యత నిపుణుడు ఒక పట్టిక వేశాడు. ఒక సంస్థ నాణ్యతను ఎలా చూస్తుందన్నదాన్ని ఐదు దశలు చేశాడు: అనిశ్చితి, మేలుకోవడం, జ్ఞానోదయం, వివేకం, నిశ్చయం. ఉపనిషత్తులా వినిపిస్తుంది గానీ, ఆయన నలిగింది ఫ్యాక్టరీల్లో. 1984లో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, ఎస్‌ఈఐ. ఐబీఎంలో 27 ఏళ్లు పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో అక్కడికి వచ్చాడు. అప్పటికి అమెరికా వైమానిక దళానికి ఒక తలనొప్పి ఉంది. కాంట్రాక్టరు తక్కువకే చేస్తానని టెండరు వేస్తాడు, ఇతని వల్ల అవుతుందా లేదా అని ముందే ఎలా తెలుసుకోవాలి? దానికోసం 1987లో వంద దాకా అవును-కాదు ప్రశ్నలతో ఒక పద్ధతి తెచ్చారు. అదే పెరిగి 1991లో సీఎంఎం, అంటే కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్, అయింది, 1993లో 1.1 వెర్షన్ వచ్చింది. తర్వాత దాని స్థానంలో సీఎంఎంఐ వచ్చింది.

ఒక్క విషయం పట్టుకోండి. ఇది కొనేవాడి అవసరంలోంచి పుట్టింది. కొనేవాడు అడుగుతున్నాడు కాబట్టి అమ్మేవాడు బోర్డు కోసం పరిగెత్తాడు. మన దేశంలో ముందుగా బెంగళూరులోని మోటరోలా కేంద్రం 1990ల తొలి సగంలోనే ఐదో లెవెల్ అందుకుంది. 1998లో విప్రో, 1999లో మన హైదరాబాద్ సత్యం. అది వైటూకే కాలం, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని పాత ప్రోగ్రాములన్నీ సరిచేయించుకున్న కాలం. సముద్రానికి అవతలున్న క్లయింటుకి మన ఊరు తెలియదు, మన మనుషులు తెలియదు, ఐదు అనే అంకె మాత్రం తెలుసు. 2000 ప్రాంతానికి ప్రపంచంలోని ఐదో లెవెల్ సంస్థల్లో సగానికి పైగా ఇక్కడివే. 2009 జనవరిలో సత్యం లెక్కల సంగతి బయటపడ్డప్పుడు "లెవెల్ ఫైవ్ కంపెనీయేనా ఇది" అన్నారు చాలామంది. ఆ లెవెల్ ఖాతా పుస్తకాలను చూడదండీ. సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందో చూస్తుంది, అంతే. ఏది కొలుస్తుందో తెలియకుండా అంకెను నమ్మితే అంతే సంగతులు.

ఏ ప్రశ్నకు నిజం చెప్పగలరు?

లెవెళ్లను పేర్లతో గుర్తుపెట్టుకోకండి. పేర్లు పెద్ద గందరగోళం. సీఎంఎంలో నాలుగో లెవెల్ పేరు మేనేజ్‌డ్. సీఎంఎంఐకి వచ్చేసరికి మేనేజ్‌డ్ అన్నది రెండో లెవెల్ పేరైంది. పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒక గదిలో కూర్చుంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. అందుకని ప్రశ్నలతో గుర్తుపెట్టుకోండి. ప్రతి లెవెల్ దగ్గరా మీరు ఒక కొత్త ప్రశ్నకు నిజం చెప్పగలుగుతారు. ఊహ కాదు, నిజం.

మొదటి లెవెల్లో ఏ ప్రశ్నకూ చెప్పలేరు. అలాగని అక్కడి మనుషులు పనికిరానివాళ్లు కారు. మంచి సాఫ్ట్‌వేర్ అక్కడా వస్తుంది, కొన్నిసార్లు అద్భుతంగా వస్తుంది. కాకపోతే ఇద్దరు ముగ్గురు నైట్ అవుట్లు చేసి తీసుకొస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు ఫోను డిపాజిట్ చేసి తిరుమల క్యూలో నిలబడ్డ రోజున ప్రొడక్షన్ పడిపోతే, దర్శనం అయ్యేదాకా అందరూ ఎదురుచూడాలి. దేవుడి దయ అని ఊరికే అనరు.

రెండో లెవెల్ ప్రశ్న: ఈ ప్రాజెక్టు ఇప్పుడు ఎక్కడుంది? మూడోది: మన సంస్థలో ఈ పని ఎలా చేస్తాం, ఎందుకలా చేస్తాం? నాలుగోది: ఎంత కచ్చితంగా చెబుతున్నారు, అటూ ఇటూ ఎంత? ఐదోది: ఆ అటూ ఇటూ ఎందుకంత ఉంది, తగ్గించామని రుజువేంటి?

ఈ వరుసకు కారణం ఉంది. ప్రాజెక్టు ఎక్కడుందో తెలియనివాడి దగ్గర్నుంచి వచ్చిన అంకెలతో నాలుగో లెవెల్ గ్రాఫులు గీస్తే ఏమవుతుంది? గ్రాఫు అందంగా వస్తుంది. అబద్ధం కూడా అందంగా వస్తుంది.

ఎక్కువసేపు రెండో లెవెల్ మీదే మాట్లాడతాను. ఎందుకంటే ఎక్కువ ఇళ్లు కూలేది పునాది దగ్గరే, అందరూ చిన్నచూపు చూసేదీ దాన్నే. "అది బేసిక్ సార్, మాకు అయిపోయింది" అంటారు. సరే, చూద్దాం.

సీఎంఎంఐ 1.3 వెర్షన్ ప్రకారం రెండో లెవెల్లో ఏడు ఏరియాలు, అంటే పట్టించుకోవాల్సిన పనుల గుంపులు: రిక్వైర్‌మెంట్ల నిర్వహణ, ప్లానింగ్, ట్రాకింగ్, బయటివాళ్లకిచ్చిన పనుల నిర్వహణ, కొలతలు, క్వాలిటీ అష్యూరెన్స్, కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ (ఏ రిలీజులో ఏ ఫైలు ఏ వెర్షన్ ఉందో పట్టి ఉంచడం). ఏడూ చదవను. నాలుగు చెబుతాను.

రిక్వైర్‌మెంట్లు. సైన్ ఆఫ్ అయిన డాక్యుమెంటు అందరి దగ్గరా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం క్లయింటు వాట్సాప్‌లో ఒక్క లైను పెడతాడు: "ఆ రిపోర్టులో బ్రాంచి వారీగా కూడా వస్తే బాగుంటుంది." డెవలపర్ మంచివాడు, సోమవారానికి చేసేస్తాడు. టెస్టరుకి తెలియదు. యూజర్ మాన్యువల్‌కి తెలియదు. ఎస్టిమేటుకి తెలియదు. ఇలాంటివి ముప్ఫై అయ్యాక "ప్రాజెక్టు ఎందుకు లేటు" అని మీటింగు పెడతారు. దీనికి మందు పెద్దదేం కాదు. మార్పు ఏ దారిన వచ్చినా ఒకచోట నమోదవ్వాలి. దాని పక్కన నాలుగు గళ్లు: ఏమేం మారతాయి, ఎన్ని గంటలు, తేదీ ఎంత జరుగుతుంది, ఒప్పుకున్నదెవరు. మార్పు వద్దనడం లేదు నేను. ధర కట్టకుండా తీసుకోవద్దంటున్నాను.

ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అని ఒకటుంటుంది, మీకు తెలుసు. రిక్వైర్‌మెంటు నుంచి డిజైన్, కోడు, టెస్టు కేసు దాకా అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ ముడి వేయాలి. ఇది ఎక్కడ చస్తుందంటే, ఫంక్షన్ స్థాయి దాకా ముడి వేయబోయినప్పుడు. వెయ్యి వరుసల ఎక్సెల్ షీటు, మూడో వారానికే పాతబడుతుంది, తర్వాత ఎవరూ ముట్టుకోరు. ఫీచరు నుంచి టెస్టు కేసుకి ముడి వేయండి, కోడ్ చెకిన్ చేసేటప్పుడు టికెట్ నంబరు, అంటే ఆ పని నమోదైన నంబరు, లేకపోతే రిపాజిటరీ, అంటే కోడు దాచే చోటు, ఒప్పుకోకుండా పెట్టండి. దాదాపు సరిపోతుంది, ఎవరి చేతా రోజూ షీటు నింపించక్కర్లేదు.

ట్రాకింగ్. "తొంభై శాతం అయిపోయింది సార్." ఈ మాట వినని మేనేజర్ ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ తొంభై నాలుగు వారాలు తొంభైలోనే ఉంటుంది. ఎందుకు? మనిషి అబద్ధమాడి కాదు. రాసిన కోడు కంటికి కనిపిస్తుంది, మిగిలిన పని కనిపించదు. అందుకే శాతాలు అడగొద్దు. పనిని రెండు రోజుల నుంచి వారం లోపు ముక్కలు చేయండి. ముక్క అయితే వంద, కాకపోతే సున్నా. మధ్యలో ఏమీ లేదు. అయిందంటే ఏమిటో కూడా ముందే రాయాలి: రివ్యూ అయింది, టెస్టు పాసయింది, చెకిన్ అయింది. ఇలా చేస్తే మొదటి రెండు వారాలు ప్రాజెక్టు ఘోరంగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. అంతకు ముందూ అలాగే ఉంది, అప్పుడు కనపడలేదు, అంతే.

కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్. మొదట అడిగిన పరీక్ష దీనిదే. "మా కోడంతా గిట్‌లో ఉంది కదా" అంటారు. గిట్ అంటే కోడులో మార్పులన్నీ దాచి ఉంచే టూలు. సరే, కోడు ఉంది. డేటాబేస్ స్క్రిప్టులు? సర్వర్ కాన్ఫిగ్ ఫైలు? ఏ లైబ్రరీ ఏ వెర్షన్? కంపైలర్ సెట్టింగులు? బిల్డు మెషీన్ మీద ఎవరో చేత్తో ఇన్‌స్టాల్ చేసిన ఆ ఒక్క టూలు? బిల్డు తిరిగి రాకపోవడానికి కారణం సాధారణంగా ఈ జాబితాలోనే దొరుకుతుంది. బేస్‌లైన్ అంటే కోడుకి ట్యాగ్ కొట్టడం ఒక్కటే కాదు. ఆ రిలీజుని మళ్లీ పుట్టించడానికి కావలసినవన్నీ కలిపి ఒక పేరు పెట్టి తాళం వేయడం. మూడు నెలలకోసారి ఖాళీ మెషీన్ మీద పాత రిలీజు ఒకటి బిల్డ్ చేయించండి, వేరే టీములోని మనిషి చేత. ఒక పూట పని. ఏ ఆడిట్ చెక్‌లిస్టూ చెప్పనన్ని నిజాలు చెబుతుంది.

కొలతలు. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మీ టైమ్‌షీట్లు తీసి చూడండి. రోజుకి ఎనిమిది, వారానికి నలభై, ప్రతి మనిషికీ, ప్రతి వారమూ. ఇది కొలత కాదు, అటెండెన్సు. బిల్లింగుకి వాడే షీటునే ప్రాసెస్ కొలతకూ వాడుతున్నారు కాబట్టి ఇలా అవుతోంది. బిల్లింగుకి నలభై కావాలి, మనిషి నలభై రాస్తాడు. శనివారం చేసిన పని ఎక్కడా ఉండదు. ఆ ఎఫర్టు అంకెతో వచ్చే ప్రాజెక్టుకి ఎస్టిమేటు వేస్తారు, మళ్లీ శనివారం పని చేస్తారు. గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఇంకొకటి. రివ్యూలో దొరికిన తప్పుల లెక్కను ఆ మనిషి అప్రైజల్‌కి, అంటే జీతం పెంపుకి, ముడిపెట్టారా? ఆ రోజుతో మీ డేటా అయిపోయింది. ఇద్దరు స్నేహితులు ఒకరి కోడు ఒకరు చూసుకుని, తప్పులు నోటితో చెప్పుకుని, షీటులో "సున్నా" రాస్తారు. ఎవరూ మోసగాళ్లు కారు, ఇల్లు గడవాలి. కొలత ప్రాసెస్‌ని చూడ్డానికి, మనిషిని చూడ్డానికి కాదు. ఇది మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే మళ్లీ మళ్లీ ఇక్కడే తప్పుతోంది: ప్రాసెస్‌ని చూడ్డానికి, మనిషిని కాదు.

నాలుగు వందల పేజీల మాన్యువల్

మూడో లెవెల్. ప్రాజెక్టు నేర్చుకున్నది సంస్థకు అందాలి. సంస్థకంతటికీ ఒక స్టాండర్డ్ ప్రాసెస్ ఉంటుంది, ప్రతి ప్రాజెక్టూ దాన్ని తన ఒంటికి తగ్గట్టు కత్తిరించి కుట్టుకుంటుంది. దాన్నే టైలరింగ్ అంటారు, మాట సరిగ్గా అతికింది.

ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఒక కన్సల్టెంటు వస్తాడు, వేరే కంపెనీ మాన్యువల్లో పేరు మార్చి ఇస్తాడు. నాలుగు వందల పేజీలు. ముగ్గురు మనుషులు రెండు వారాలు చేసే ప్రాజెక్టుకి పద్దెనిమిది టెంప్లేట్లు. టైలరింగ్ చేసుకోవచ్చు అని ఉంటుంది గానీ, ఒక టెంప్లేటు వదిలేయాలంటే కారణం రాసి ముగ్గురి సంతకాలు తీసుకోవాలి. దానికన్నా ఆ టెంప్లేటు నింపేయడమే సులువు. నింపేస్తారు, కాపీ పేస్టు. పోయినసారి క్లయింటు పేరు అందులో అలాగే ఉంటుంది. నవ్వకండి, ఆడిట్లలో ముందు వెతికేది అదే.

తిరగేసి చేయండి. ప్రాజెక్టులను మొదటే మూడు సైజులుగా విడదీయండి. ఉదాహరణకి ఐదు వందల పర్సన్ అవర్ల (ఒక మనిషి ఒక గంట పని చేస్తే ఒక పర్సన్ అవర్) లోపు, ఐదు వేల లోపు, ఆ పైన. అంకెలు మీ ఇష్టం, మీ పాత ప్రాజెక్టులు చూసి పెట్టుకోండి. చిన్న సైజుకి తప్పనిసరి అయినవి ఐదో ఆరో. వదిలేయడానికి సంతకం అక్కర్లేదు, ఎక్కువ చేయాలంటేనే కారణం చెప్పాలి. ఇక స్టాండర్డ్ ప్రాసెస్ రాయాల్సింది ప్రాసెస్ గ్రూపు, అంటే ప్రాసెస్‌ని చూసుకునే ప్రత్యేక బృందం, కూర్చుని కాదు. మీలో బాగా నడిచిన ప్రాజెక్టు ఏం చేసిందో చూసి, అది రాసుకోవాలి. వంట బాగా చేసేవాళ్ల పక్కన నిలబడి రాసుకున్నట్టు. ప్రాసెస్ గ్రూపు ఎంతమంది ఉండాలంటే, మొత్తం ఇంజనీర్లలో ఒకటి నుంచి మూడు శాతం అన్నది ఎస్‌ఈఐ మొదట్నుంచీ చెప్పిన లెక్క. రెండు వందల మందికి నలుగురు అనుకోండి. ఆ నలుగురూ ప్రాజెక్టుల్లో ఇమడలేక అక్కడికి తోసేసినవాళ్లయితే వాళ్ల మాట ఎవరు వింటారు? మీ మంచి లీడ్ ఒకర్ని ఏడాది పాటు ఇవ్వండి. బాధగా ఉంటుంది, తెలుసు.

మూడో లెవెల్లో డబ్బు నిజంగా మిగిల్చేది పీర్ రివ్యూ, ఒకరి పనిని తోటివాళ్లు చదివి తప్పులు పట్టడం. సీఎంఎంలో అది మూడో లెవెల్ కీలక ఏరియాల్లో ఒకటి, సీఎంఎంఐలో వెరిఫికేషన్‌లో కలిసింది. మూలం పాతదే, ఐబీఎంలో మైఖేల్ ఫేగన్ 1976లో ప్రచురించిన ఇన్‌స్పెక్షన్ పద్ధతి. ఎవరికివారు ముందే చదువుకుని రావాలి, తర్వాత కూర్చోవాలి, రెండు గంటలు దాటకూడదు, నడిపేది రాసినవాడు కాకూడదు, గదిలో మేనేజర్ ఉండకూడదు. తప్పు పట్టుకోవాలి, అక్కడే సరిచేయబోకూడదు, సరిచేయబోతే రెండు గంటలూ ఒకే తప్పు మీద గడిచిపోతాయి. వేగం గంటకి 150 నుంచి 200 లైన్లు. అంతకు మించి చదివితే కళ్లు తిరుగుతాయి గానీ తప్పులు కనపడవు. ఇప్పుడు మన పుల్ రిక్వెస్టులు, అంటే నా కోడు మార్పు చూసి కలుపుకోండని పంపే అభ్యర్థనలు, గుర్తు చేసుకోండి. రెండు వేల లైన్లు, నాలుగు నిమిషాల్లో అప్రూవల్, కింద "ఎల్‌జీటీఎం" అని నాలుగక్షరాలు, లుక్స్ గుడ్ టు మీ, నాకు బాగానే ఉందని. అది రివ్యూ కాదు, ఆశీర్వచనం.

నాలుగో లెవెల్‌కి వద్దాం. ఇక్కడ కాస్త లెక్క ఉంది, భయపడకండి, కూడికలూ గుణకారమే.

మీ టీము చేసిన పది రివ్యూల వేగం తీసుకుందాం, గంటకి ఎన్ని లైన్లని. 180, 150, 210, 170, 190, 160, 200, 175, 185, 180. సగటు 180. ఇప్పుడు పక్కపక్కనున్న రెండేసి అంకెల తేడా తీయండి: 30, 60, 40, 20, 30, 40, 25, 10, 5. ఈ తొమ్మిదింటి సగటు సుమారు 29. దాన్ని ఈ లెక్కలో ఎప్పుడూ వాడే 2.66తో గుణిస్తే 77. సగటుకి 77 కలపండి, 257. తీసేయండి, 103. మీ ప్రాసెస్ తనంతట తానుగా ఊగే హద్దులివి, 103 నుంచి 257. ఎక్స్‌ఎమ్‌ఆర్ చార్టు అంటారు దీన్ని. దీని వెనకున్న ఆలోచన 1924లో బెల్ టెలిఫోన్ వాళ్ల దగ్గర వాల్టర్ షూహార్ట్ గీసిన కంట్రోల్ చార్టుది. పది పాయింట్లు తక్కువే, ఇరవై ఉంటే హద్దులు నిలకడగా ఉంటాయి. రేపు ఒక రివ్యూ గంటకి 600 లైన్లతో జరిగిందనుకోండి. అది ఊపు కాదు, ఏదో జరిగింది. వెళ్లి అడగండి. 230తో జరిగిందనుకోండి. అడక్కండి. హద్దుల్లోనే ఉంది. ఊరికే ఊగినదానికి కారణం అడిగితే, మనిషి లేని కారణం కల్పించి చెబుతాడు, దాన్ని పట్టుకుని మీరు ప్రాసెస్ మారుస్తారు, అప్పుడు నిజంగానే పాడవుతుంది.

తప్పులు ఎక్కడెక్కడ? మొదటిది, క్లయింటు కోరిన టార్గెట్‌ని తెచ్చి హద్దు గీత గీయడం. టార్గెట్ మీ కోరిక. హద్దు మీ ప్రాసెస్ గొంతు. రెండూ వేరు. రెండోది, మెయింటెనెన్సు పనీ కొత్త డెవలప్‌మెంటూ కలిపి ఒకే చార్టు వేయడం. పులిహోరా పాయసమూ కలిపి రుచి చూసినట్టు. మూడోది, నెలకోసారి వచ్చే ప్రాజెక్టు స్థాయి అంకెలకు చార్టు వేయడం. ఇరవై పాయింట్లు రావాలంటే ఇరవై నెలలు, ఈలోపు ప్రాజెక్టే అయిపోతుంది. తరచుగా జరిగే చిన్న పనులకు వేయండి, రివ్యూ, బగ్ ఫిక్స్, టెస్టు రన్. ఇక స్టోరీ పాయింట్లతో, అంటే పని ఎంత పెద్దదని ఒక్కో టీము తనకు తాను వేసుకునే అంకెలతో, సంస్థ మొత్తానికి ఒకే కొలబద్ద వేయబోయేవాళ్లకు ఒక దండం. ఒక టీము ఐదూ ఇంకో టీము ఐదూ ఒకటి కావు. టికెట్ మొదలై ముగిసేదాకా పట్టిన రోజులు తీసుకోండి, రోజు ఎవరికైనా రోజే.

ఐదో లెవెల్. అంతరిక్ష నౌక షటిల్ సాఫ్ట్‌వేర్ రాసిన ఐబీఎం హ్యూస్టన్ బృందాన్ని 1989లో ఐదో లెవెల్ అన్నారు. వాళ్ల అలవాటు ఒకటి చెబుతాను. తప్పు దొరికితే సరిచేసి ఊరుకోరు. ఈ తప్పు మన ప్రాసెస్‌లో ఎక్కడ దూరింది, రివ్యూలో ఎందుకు తప్పించుకుంది, ఇలాంటిదే మిగతా కోడులో ఇంకెక్కడైనా ఉందా? ప్రతి తప్పుకీ ఈ మూడు ప్రశ్నలూ వేస్తారు. మూడోదాన్ని మనవాళ్లు దాదాపుగా మరిచిపోతారు.

ఒక త్రైమాసికంలో ప్రొడక్షన్ నుంచి అరవై బగ్‌లు వచ్చాయనుకుందాం. రకాలుగా విడదీస్తే ఇరవై ఒకటి తేదీలూ టైమ్ జోన్‌వి. కారణం వెతికే మీటింగు పెడతారు, చివర్న మినిట్స్‌లో ఏం రాస్తారు? "డెవలపర్లు జాగ్రత్తగా ఉండాలి. ట్రైనింగ్ ఇవ్వాలి." ఈ రెండూ కనిపిస్తే ఆ విశ్లేషణ జరగనట్టే. జాగ్రత్త అనేది ప్రాసెస్ మార్పు కాదు. తేదీలన్నీ ఒకే లైబ్రరీ గుండా వెళ్లాలి, నేరుగా వాడితే బిల్డు ఫెయిలవ్వాలి, ఇది మార్పు. తర్వాత రెండు త్రైమాసికాలు ఆ రకం బగ్‌ల లెక్క చూడాలి. ఇరవై ఒకటి పద్నాలుగైతే తగ్గినట్టా? నాలుగో లెవెల్ చార్టు లేకపోతే చెప్పలేరు. మామూలుగానే పన్నెండుకీ ఇరవై ఐదుకీ మధ్య ఊగుతుంటే పద్నాలుగు అంటే ఏమీ కానట్టే. మెట్టు దాటేస్తే కుదరదనేది అందుకే.

ఇప్పుడు అప్రైజల్. జీతం పెంపుది కాదు, సంస్థ ఏ లెవెల్లో ఉందో తేల్చే పరీక్ష. దీన్ని సర్టిఫికేషన్ అంటున్నాం మనం, అది పొరపాటు మాట, రేటింగ్ అనాలి. రేటింగ్ కూడా కంపెనీకి రాదు, పరీక్షకు కూర్చున్న విభాగానికే వస్తుంది. పది వేల మంది కంపెనీలో మూడు వందల మంది యూనిట్ కూర్చుని ఉండొచ్చు. మూడేళ్లు చెల్లుతుంది. మన ప్రభుత్వ టెండర్లలో లెవెల్ మూడు ఉండాలి, ఐదు ఉండాలి అని షరతు పెడతారు కదా, పెట్టేవాళ్లు అడగాల్సినవి రెండు: ఏ యూనిట్, ఏ తేదీ. మా పని చేయబోయేది ఆ యూనిట్టేనా అన్నది మూడోది. అడిగితే కొన్ని టెండర్లు ఖాళీ అవుతాయేమో.

అప్రైజల్ ముందు నెలలో జరిగేది మీకు తెలుసు. సంక్రాంతికి గోడలకు సున్నం వేసినట్టు. జనవరి మీటింగు మినిట్స్ జూన్‌లో రాస్తారు. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో జూనియర్లకు రిహార్సలు చేయిస్తారు. అప్రైజల్ టీము కాగితమూ చూస్తుంది, మనుషుల మాటా వింటుంది, రెండూ కలవాలి. పాత పద్ధతిలో ఏ ప్రాజెక్టులు చూపించాలో కంపెనీకి కొంత వీలుండేది. 2018లో వచ్చిన సీఎంఎంఐ 2.0 వెర్షన్ నుంచి ఏ ప్రాజెక్టుని ఏ ఏరియాకి చూడాలో లాటరీ తీసినట్టు ఎంపికవుతుంది. సున్నం వేయాల్సిన గోడలు ఎక్కువయ్యాయి, అంతవరకు మేలే. కానీ సున్నం మానలేదు ఎవరూ.

అజైల్, అంటే చిన్న చిన్న విడతలుగా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి, వచ్చాక ఇవన్నీ అవసరమా అని చీటీ పంపారు ఎవరో. మంచి ప్రశ్న. అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్ సరిగ్గా చేస్తే రెండో లెవెల్ ప్లానింగూ ట్రాకింగూ చాలావరకు వచ్చేస్తాయి. అయిందా కాలేదా అన్న సున్నా-వంద లెక్క అందులోనే ఉంది. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంటు రాదు, అది వేరే చేసుకోవాలి. ఒక టీము రెట్రోలో, అంటే ప్రతి విడత చివర ఏం బాగుంది ఏం బాగాలేదని చూసుకునే మీటింగులో, నేర్చుకున్నది పక్క టీముకి చేరడం కూడా రాదు. ఒకే తప్పు మూడు టీములు మూడు రెట్రోల్లో కనుక్కుని ముగ్గురూ సంతోషిస్తారు.

ఇంకొక చీటీ ఉంది. "మేం పద్దెనిమిది మందిమి, విశాఖలో ఉంటాం, అప్రైజల్‌కి డబ్బు లేదు, క్లయింటూ అడగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

అడగకపోవడం అదృష్టం అనుకోండి. మొదటి వారం ఖాళీ మెషీన్ మీద పాత బిల్డు ప్రయత్నించండి, ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి. ఆ కాగితమే మీ మొదటి అప్రైజల్ రిపోర్టు. రెండో వారం నుంచి మార్పులన్నీ ఒక్క షీటులోకి, ఆ నాలుగు గళ్లతో. ఒక్క ప్రాజెక్టులోనే చేయండి, మొత్తం కంపెనీలో ఒకేసారి వద్దు. ఎనిమిది వారాలు చూసి, పనికిరాని గడి ఉంటే పీకేయండి. ఆ తర్వాత రివ్యూలు, గంటకి రెండు వందల లైన్లు మించకుండా, వారానికి రెండు చాలు, ముందు డబ్బుతో ముడిపడ్డ మాడ్యూళ్లవి. తప్పుల లెక్క టీము గోడ మీదే ఉండాలి, పేర్లు లేకుండా. ప్రాసెస్ గ్రూపు అక్కర్లేదు, ఒక లీడ్ శుక్రవారం మధ్యాహ్నం ఇస్తే చాలు. ఆ శుక్రవారం మధ్యాహ్నాన్ని రిలీజు మింగేయకుండా చూసుకునే పని మాత్రం మీ యజమానిది. ఆయన ఇక్కడికి వచ్చారా? రాలేదా. సరే, రికార్డింగు పంపించండి.